గిటార్ కొనేముందు ఎడమ చేతిని అడగండి

పోయిన దీపావళి తర్వాత ఒక రాత్రి మా చెల్లె ఇంటికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో 18 వేల రూపాయలు. రెండేళ్లు భిశీ కట్టి, తన వంతు వచ్చినప్పుడు ఎత్తిన పైసలు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే మనిషికి 18 వేలంటే ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

"పిల్ల కరెంటు గిటార్ కావాలంటున్నది అన్నా. ఏడాదిన్నర సంది పక్కింటోళ్ల గిటార్ అడుక్కొచ్చి నేర్చుకుంటున్నది. నువ్వే తీసుకపోయి కొనియ్యి. కానీ ఆనాడు నువ్వు కొన్నట్టు రంగు చూసి కొనకు" అన్నది.

వెనక నిలబడ్డ మా మేనకోడలు ఫోను ముందుకు చాపింది. పదో తరగతి పిల్ల. ఫోనులో నల్లటి గిటార్ బొమ్మ, ఎద్దు కొమ్ముల్లా రెండు కొనలు. "గిదే కావాలె మామా. ఆర్డర్ పెడితే ఇంటికే వస్తది."

"పట్టుకోకుండా కొనొద్దు బిడ్డా. పుణె పోదాం" అన్నాను.

మన షోలాపూర్ పూర్వభాగ్‌లో గణపతి పండుగ అయిపోగానే ఒకరిద్దరు పిల్లలు నా దగ్గరికి వస్తారు. మండలి ఆర్కెస్ట్రా చూసి మనసు పడ్డవాళ్లు. అందరూ అడిగేది ఏ కంపెనీ మంచిది, ఎంతలో వస్తుంది, ఏ రంగు బాగుంటుంది అనే. గిటార్ మెడ ఎట్లా ఉండాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేనూ ఆ వయసులో అడగలేదు. దానికి నేను కట్టిన వెల ఏడేళ్లు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎర్ర గిటార్ కథ

అప్పుడు నాకు 19 ఏళ్లు. టవల్ కార్ఖానాలో జాబరు చేతికింద పని. ఊరు వదిలిపోతున్న ఒక ఆర్కెస్ట్రా మనిషి తన గిటార్ అమ్ముతున్నాడని తెలిసి 3,500 పెట్టి కొన్నాను. మెరిసే ఎరుపు. ఇంటికి తెచ్చి గోడకు ఆనిస్తే గల్లీ పిల్లలంతా గుమ్మం దగ్గర చేరారు. దాని మెడ మాత్రం రోకలిబండలా ఉండేది. నా చేతులు చిన్నవి. బొటనవేలు వెనక పెడితే మిగతా వేళ్లు అవతలి లావు తీగ దాకా కష్టంగా అందేవి.

రెండు మూడు తేలిక కార్డ్‌లు వచ్చాయి. ఎఫ్ కార్డ్ దగ్గర బండి ఆగింది. చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి, మిగతా మూడు వేళ్లతో వేరే తీగలు నొక్కాలి. ఎంత నొక్కినా మూడు తీగలు పలికేవి, మూడు 'టక్ టక్'మని చచ్చిపోయేవి. ఎనిమిది గంటల పాళీ చేసి వచ్చి రెండేళ్లు కుస్తీ పట్టాను. మణికట్టు నుంచి మోచేతి దాకా గుంజేది. పొద్దున కార్ఖానాలో తెగిన పోగు ముడివేస్తుంటే బొటనవేలు వణికేది.

నేర్పే ఆయన ఒకరోజు నవ్వుతూ "దినమంతా మగ్గాలకాడ నిలబడే చేతికి ఇవన్నీ యాడికెల్లి వస్తయిరా" అన్నాడు. ఆయన పరాచికానికి అన్నాడేమో, నేను నిజమని నమ్మాను. గిటార్‌ను రెండు వేలకు అమ్మేశాను. మన చేతికి రాత లేదని అనుకున్నాను.

తర్వాత ఏడేళ్లు గిటార్ ముట్టలేదు. ఒక గణపతి పండుగకు మండలి స్టేజీ వెనక సామాను కావలి కాస్తున్నాను. గిటార్ వాయించే అబ్బాయి భోజనానికి పోతూ తన గిటార్ నా చేతిలో పెట్టాడు. ఊరికే ఉండలేక ఎఫ్ పట్టాను. ఆరు తీగలూ పలికాయి. మళ్లీ పట్టాను, మళ్లీ పలికాయి. ఆ అబ్బాయి తిరిగొచ్చేదాకా అదే ఒక్క కార్డ్ పట్టుకొని కూర్చున్నాను. నా చెయ్యి ఏడేళ్ల కిందటి చెయ్యే. మారింది మెడ.

మెడ ఆకారం

వీణకు దండి ఎట్లాగో గిటార్‌కు నెక్ అట్లా. మనం మెడ అందాం. ముందువైపు చదునుగా ఉండే పలక మీద లోహపు మెట్లు ఉంటాయి, వాటిని ఫ్రెట్లంటారు. వెనకవైపు గుండ్రం. ఆ గుండ్రం అందరిదీ ఒకటి కాదు. దాన్ని ఇంగ్లీషు అక్షరాలతో గుర్తుపెట్టుకుంటారు, మెడను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారాన్ని బట్టి.

'సి' ఆకారం: చపాతీ కర్రను నిలువునా సగానికి చీల్చితే వచ్చేలాంటిది. ఇవాళ దుకాణాల్లో దొరికేవాటిలో ఎక్కువ ఇదే. చాలా చేతులకు సర్దుకుంటుంది.

'డి' ఆకారం: 'సి' వీపును కొంచెం చదును చేస్తే 'డి'. బొటనవేలిని వెనక మధ్యలో ఆనించి వేగంగా వాయించేవాళ్లు ఇష్టపడతారు.

'యు' ఆకారం: పక్కలు నిలువుగా దిగి, అడుగు లావుగా ఉంటుంది. అరచేతిని నింపుతుంది. పెద్ద చేతులకు హాయి. నా ఎర్ర గిటార్ ఇదే.

'వి' ఆకారం: వెనక మధ్యలో పెంకుటింటి నడికప్పులా సన్నని గట్టు ఉంటుంది. బొటనవేలిని పైనుంచి వేలాడేసి పట్టేవాళ్లకు ఆ గట్టు అరచేతి మడతలో కూర్చుంటుంది. బొటనవేలు వెనక మధ్యలో పెట్టేవాళ్లకు అదే గట్టు గుచ్చుకుంటుంది.

ఆకారం తర్వాత మందం. మామూలు 'సి' మెడ మొదటి ఫ్రెట్ దగ్గర సుమారు 21 మిల్లీమీటర్లు. పాతకాలపు లావు మెడలు 25 దాకా ఉంటాయి. వేగం కోసం చేసినవి 17, 18 దాకా దిగుతాయి. నాలుగైదు మిల్లీమీటర్లకే ఇంత గొడవా అనిపించవచ్చు. 20 నంబరు నూలు, 40 నంబరు నూలు కళ్లు మూసుకొని వేళ్ల మధ్య నలిపి చెప్పే మనుషులం మనం. వేలికి మిల్లీమీటరంటే చాలా పెద్ద కొలత.

పేరు చూసి మెడను నమ్మడానికీ లేదు. గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ గిటార్నే తీసుకోండి. 1958లో చేసినవాటి మెడ లావు, గుండ్రం. 1960లో అదే గిటార్ మెడను బాగా సన్నం చేశారు. పేరు అదే, రెండేళ్ల తేడాలో మెడ వేరు. ఫెండర్ కంపెనీ టెలికాస్టర్లు 1950ల మొదట్లో లావు మెడతో వచ్చాయి, ఆ దశాబ్దం మధ్యలో 'వి' గట్టు వచ్చింది. కాబట్టి "ఫలానా గిటార్ మంచిది" అని ఎవరైనా చెబితే, అది వాళ్ల చేతికి మంచిదని అర్థం చేసుకోవాలి.

మరో నాలుగు కొలతలు

మెడ తల దగ్గర తీగలు గాడుల్లో కూర్చునే చిన్న పట్టీ ఉంటుంది, దాన్ని నట్ అంటారు. దాని పొడవే అక్కడ మెడ వెడల్పు. యమహా పసిఫికా తక్కువ ధర గిటార్లలో అది 41 మిల్లీమీటర్లు. ఇప్పటి ఫెండర్ గిటార్లలో సుమారు 42, గిబ్సన్‌లో 43. వేళ్లు లావైనవాళ్లకు ఇరుకు నట్ మీద పక్క తీగ తగిలి స్వరం చస్తుంది. పొట్టి వేళ్లకు వెడల్పు నట్ మీద అవతలి తీగ అందదు.

రెండోది స్కేలు, అంటే నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవు. ఫెండర్ రకాలకు 25.5 అంగుళాలు, అంటే 648 మిల్లీమీటర్లు. గిబ్సన్ రకాలకు 24.75 అంగుళాలు, సుమారు 629 మిల్లీమీటర్లు. పొడవు తగ్గితే ఫ్రెట్లు దగ్గరపడతాయి. మొదటి నాలుగు ఫ్రెట్ల దూరం లెక్క వేస్తే మొదటి రకంలో 134 మిల్లీమీటర్లు, రెండో రకంలో 130. చిన్న చేతికి ఆ నాలుగు మిల్లీమీటర్లు చిటికెన వేలి దగ్గర తెలుస్తాయి. పైగా ఒకే తీగలు, ఒకే శ్రుతి అయితే పొట్టి స్కేలు మీద బిగువు తక్కువ, నొక్కడం తేలిక. 24 అంగుళాల స్కేలుతో ఫెండర్ మస్టాంగ్ రకం గిటార్లూ ఉన్నాయి.

మూడోది ఫ్రెట్ పలక వంపు. పలక చదునుగా కనిపిస్తుంది గానీ కొంచెం గుండ్రంగా ఉంటుంది. దీన్ని ఒక చక్రం వ్యాసార్ధంతో చెబుతారు. పాత ఫెండర్ గిటార్లకు 7.25 అంగుళాలు. చిన్న చక్రం అంచు కాబట్టి వంపు ఎక్కువ, అడ్డంగా పరిచిన వేలు దానిమీద సుఖంగా వాలుతుంది. కానీ తీగను పక్కకు లాగి స్వరం పెంచితే, తీగలు మరీ కిందికి దించి ఉన్నప్పుడు, మధ్యలో అణిగిపోతుంది. గిబ్సన్‌కు 12 అంగుళాలు, వంపు తక్కువ, తీగ లాగడం సుఖం. ఇప్పటి చాలా గిటార్లు 9.5 నుంచి 14 మధ్యలో ఉంటాయి. కార్డ్‌లు పట్టి పాటకు తోడు వాయించేవాళ్లకు వంపున్నది, ఒక్కొక్క స్వరం లాగి వాయించేవాళ్లకు చదునైనది హాయిగా ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు.

నాలుగోది మెడ వెనక పూత. అద్దంలా మెరిసే పూత చూడ్డానికి బాగుంటుంది. మన ఊళ్లో మే నెల ఎండకు చెయ్యి చెమటపట్టి దానికి అంటుకుంటుంది. మెరుపు లేని నున్నటి పూత మీద చెయ్యి జారుతుంది. మిగతావన్నీ కుదిరి మెరుపు పూత ఒక్కటే అడ్డమైతే గిటార్‌ను వదులుకోవద్దు. అన్నిటికంటే సన్నరకం ఉక్కు పీచుతో మెడ వెనక నిదానంగా రుద్దితే మెరుపు పోయి నున్నబడుతుంది. రుద్దేముందు పికప్‌ల మీద టేపు వేయాలి. వాటిలో అయస్కాంతాలుంటాయి, ఉక్కు పొడిని లాక్కుంటాయి.

చేతికి తగ్గ గిటార్

మనలో వేలి కొన పోయినవాళ్లు గల్లీకి ఒకరైనా ఉంటారు. వాళ్ల కోసం బర్మింగ్‌హామ్ కథ ఒకటి చెప్పాలి.

1965లో ఇంగ్లండులోని ఆ ఊళ్లో టోనీ అయోమీ అనే 17 ఏళ్ల కుర్రవాడు రేకుల కార్ఖానాలో పనిచేసేవాడు. బ్యాండులో పూర్తిగా చేరిపోదామని పని మానేస్తున్నాడు. ఆ చివరి రోజే మెషీను కింద కుడిచేయి పడి నడిమి వేలు, ఉంగరపు వేలు కొనలు పోయాయి. అతను ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కేది కుడిచేత్తోనే. ఇక గిటార్ వదులుకోవాల్సిందేనని కుంగిపోతే, కార్ఖానా పెద్ద ఒకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. జాంగో 1928లో మంటల్లో చెయ్యి కాలి, ఎక్కువగా రెండు వేళ్లతోనే వాయించి ప్రపంచానికి పేరు తెలిసిన మనిషి.

అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేలి కొనలకు తొడుగులు చేసుకున్నాడు, వాటిమీద తోలు అంటించాడు. మామూలు తీగలు నొక్కలేకపోతే బ్యాంజోకు వేసే సన్న తీగలు తెచ్చి వేసుకున్నాడు. తర్వాత బిగువు ఇంకా తగ్గేలా శ్రుతి దించి వాయించాడు. 1970లో అతని బ్యాండు బ్లాక్ సబ్బాత్ మొదటి రికార్డు వచ్చింది. హెవీ మెటల్ అనే సంగీతానికి అతన్ని ఒక మూలపురుషుడిగా చెప్పుకుంటారు. అతను గిటార్‌కు తగ్గట్టు చేతిని మార్చుకోలేదు, మార్చుకునే వీలే లేదు. చేతికి తగ్గట్టు గిటార్‌ను మార్చుకున్నాడు.

రెండో కథ పైసలున్నవాడిది. ఎరిక్ క్లాప్టన్ 1970లో అమెరికాలోని నాష్‌విల్ ఊళ్లో పాత స్ట్రాటోకాస్టర్లు ఆరు కొన్నాడు. మూడు స్నేహితులకిచ్చి, మిగిలిన మూడింటిని విప్పించి, నచ్చిన మెడ ఒకదానిది, నచ్చిన ఒళ్లు మరొకదానిది కలిపి ఒక గిటార్ తయారుచేసుకున్నాడు. ఆ మెడ 'వి' ఆకారం. దానికి 'బ్లాకీ' అని పేరు పెట్టి ఏళ్ల తరబడి వాయించాడు. 2004లో దాన్ని వేలం వేస్తే 9,59,500 డాలర్లు వచ్చాయి. ఫెండర్ గిటార్ల మెడ నాలుగు స్క్రూలతో ఒంటికి బిగిస్తారు కాబట్టి ఇది సాధ్యమైంది. మనం అట్లా మెడ మార్చుకోలేమా అంటే మార్చుకోవచ్చు. కానీ మంచి మెడ విడిగా కొనాలంటే మామూలు గిటార్ అంత ధర అవుతుంది, బిగించే మనిషి కూడా దొరకాలి. పికప్‌లు, తీగలు, రంగు తర్వాతైనా మార్చుకోవచ్చు. మెడను మాత్రం కొనేరోజే చూసుకోవడం మనకు లాభం.

పుణె దుకాణంలో

పొద్దున రైలెక్కి మధ్యాహ్నానికి పుణె చేరాం. దుకాణంలోకి పోగానే పిల్ల కళ్లు నల్ల గిటార్ మీదికే పోయాయి. ఫోనులో చూపించిందే. దుకాణం ఆయనతో ముందే మాట్లాడి, మా లెక్కలో వచ్చే మూడు గిటార్లు దించమన్నాను. ఆంప్‌కు కలపొద్దన్నాను. కరెంటు పెడితే చప్పుడు చెవులను కమ్మేస్తుంది, చెయ్యి చెప్పేది వినపడదు.

"కళ్లు మూసుకో బిడ్డా. ఒక్కొక్కటి ఇస్తా. ఏది హాయిగున్నదో చెప్పు."

మొదటిది నల్లదే. మెడ సన్నం, వెనక చదును, నట్ 43. చిన్న చేతికి సన్న మెడే మంచిదని నేనూ అనుకున్నాను. పిల్ల పట్టుకోగానే "మస్తుగున్నది మామా" అన్నది. ఎఫ్ పట్టి నాలుగు నిమిషాలు వాయించమన్నాను. మూడో నిమిషానికి చెయ్యి విదిలించింది. బొటనవేలి మొదట్లో నొప్పి అన్నది. చూస్తే సంగతి అర్థమైంది. మెడ మరీ సన్నమైతే అరచేతికి ఆనుకోవడానికేమీ దొరకదు. బొటనవేలు పట్టుకారులా వెనకనుంచి గట్టిగా నొక్కుతూ ఉంటుంది. చిన్న చేతికి సన్న మెడ అని అందరికీ కుదరదని నేను ఆరోజే నేర్చుకున్నాను.

రెండోది లావు 'యు'. పట్టుకుంటే అరచెయ్యి నిండింది, నొప్పి లేదు. కానీ చిటికెన వేలు పోవాల్సిన చోటికి పోలేదు.

మూడోది మామూలు 'సి', నట్ 42, వెనక మెరుపు లేని పూత. చెయ్యి తల నుంచి ఒంటిదాకా జారించింది. "ఇది చేతిల ఉన్నట్టే లేదు మామా" అన్నది. అది మెచ్చుకోలేనని నాకు తెలుసు. కానీ ఎఫ్ పడితే రెండు తీగలు చచ్చాయి. ముఖం వాడిపోయింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. ఏడాదిన్నర నేర్చుకున్నా రాలేదంటే తప్పు తనదే అనుకునే ముఖం అది.

నేను వెంట తెచ్చిన కాపో తీసి మొదటి ఫ్రెట్ మీద బిగించాను. కాపో అంటే తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ మీద నొక్కిపట్టే క్లిప్పు. "ఇప్పుడు అదే ఆకారం ఒక గడి పైకి పట్టు" అన్నాను. పట్టింది. ఆరు తీగలూ పలికాయి.

అంటే మెడది తప్పు కాదు, వేళ్లదీ కాదు. నట్ గాడులు లోతు తక్కువగా ఉన్నాయి. తీగలు మొదటి ఫ్రెట్ దగ్గర ఎత్తుగా ఉండి ఎక్కువ బలం అడుగుతున్నాయి. కాపో పెడితే నట్ పని కాపో చేస్తుంది, ఎత్తు దిగిపోతుంది. కొత్త గిటార్లలో ఇది తరచూ కనిపించేదే. దుకాణంలో రిపేరు చేసే అబ్బాయి సన్న ఆకురాయితో గాడులు కొంచెం దించాడు. పావుగంట పని. తర్వాత పిల్ల కాపో లేకుండా ఎఫ్ పట్టింది. పలికింది.

నేను బయటికి వచ్చి చాయ్ తాగాను. ఆ ఎర్ర గిటార్ గుర్తొచ్చింది. దాని మెడ నా చేతికి లావే. కానీ నట్ కూడా ఎత్తుగానే ఉండేదేమో. అప్పుడు ఒక మనిషి కాపో పెట్టి చూపించి, పావుగంట ఆకురాయి పడితే ఆ రెండేళ్ల నొప్పి సగం తగ్గేదేమో. "మీ చేతికి రావు" అన్న మాట బదులు "గిటార్ ఇటియ్యి చూస్తా" అన్న మాట వినిపించి ఉంటే ఎంత బాగుండేది.

లోపలికి పోయేసరికి పిల్ల కళ్లు తెరిచి గిటార్‌ను చూస్తోంది. మీగడ రంగు. కొమ్ముల్లేవు, మెరుపు లేదు. "రంగు నచ్చిందా?" అన్నాను. కొంచెంసేపు నల్లదాని వైపు చూసింది. "చెయ్యికి నచ్చింది మామా" అన్నది. గిటార్ 12,500, చిన్న ఆంప్, వైరు, ఒక జత తీగలు, బెల్టు కలిపి 17,600 అయింది. మిగిలిన 400 రైలు దారిలో మా తిండికి సరిపోయింది.

కొనేముందు ఇవి చేయండి

కనీసం మూడు గిటార్లు పట్టుకొని చూడండి. మూడింటి మీదా ఒకే పాట వాయించండి. మొదట కూర్చొని, తర్వాత బెల్టు వేసుకొని నిలబడి. నిలబడితే మణికట్టు వంగే తీరు మారుతుంది.

మీకు కష్టమైన కార్డ్ పట్టి నాలుగైదు నిమిషాలు ఆగకుండా వాయించండి. వేలి కొన నొప్పి కొత్తవాళ్లకు మామూలే, అది కొన్ని వారాల్లో గట్టిపడుతుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టులో నొప్పి వస్తే మాత్రం అది హెచ్చరిక. ఆ గిటార్ పక్కన పెట్టండి.

మొదటి ఫ్రెట్ దగ్గర కష్టమైతే కాపో పెట్టి మళ్లీ చూడండి. కాపోతో తేలికైతే నట్ దించమనండి, గిటార్‌ను వదులుకోవద్దు.

ఎడమ చేతిని మెడ రెండు అంచుల వెంట జారించండి. ఫ్రెట్ కొనలు గీరుకుంటే దుకాణంలోనే ఆకురాయి పట్టించండి. మన ఊరి ఎండకు కట్టె ఆరి కొంచెం కుంచించుకుపోతుంది, ఫ్రెట్ల లోహం కుంచించదు. అందుకే కొత్తలో లేని గీరుడు వేసవిలో మొదలవుతుంది. గిటార్‌ను రేకుల కప్పు కింద వేలాడదీయకండి, సంచిలో పెట్టి ఇంట్లో చల్లటి మూల ఉంచండి.

లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, ఒళ్లు మొదలయ్యే ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి, మధ్యలో తీగకు, ఫ్రెట్‌కు సందు చూడండి. విజిటింగ్ కార్డు మందం సందు ఉంటే మెడ బాగున్నట్టే. మరీ ఎక్కువ ఉన్నా, అసలు లేకపోయినా మెడ లోపలి ఇనుప కడ్డీని సరిచేయాలి. దాన్ని ట్రస్ రాడ్ అంటారు. తెలిసినవాళ్లు తాళంతో ఒకసారికి పావు చుట్టు మాత్రమే తిప్పుతారు. మీరే మొండిగా తిప్పితే మెడ పాడవుతుంది.

చివరగా, గిటార్ కింద పెట్టి అరగంట బయట తిరిగి రండి. మళ్లీ అదే చేతికి హాయిగా ఉంటే పైసలు ఇవ్వండి. ఎడమచేతి వాటం పిల్లలుంటే ఎడమచేతి గిటార్ అడగండి. వాళ్ల విషయంలో పరీక్ష చేయాల్సింది కుడి చెయ్యి.

ఇంటికి వచ్చిన రాత్రి మా చెల్లె బీడీల చేట పక్కన పెట్టి, చేతులు తుడుచుకొని గిటార్ ఒళ్లో పెట్టుకుంది. వాయించడం రాదు. తునికాకు మెత్తగుందో పెళుసుగుందో తడిమే వేళ్లతో మెడను పైనుంచి కిందిదాకా తడిమింది. "గరుకు లేదు, మంచిగున్నది" అన్నది. ఆ తర్వాతే ధర ఎంతని అడిగింది.

ఇప్పుడు మా మేనకోడలు రోజూ సాయంత్రం గంట వాయిస్తుంది. నొప్పి లేదంటున్నది. మన గల్లీల్లో ఏ పిల్లయినా, పిల్లగాడైనా "నా చేతికి రావట్లేదు" అని గిటార్ మూలన పెడితే, అమ్మేముందు ఒక్కసారి నా దగ్గరికి తీసుకురండి. కాపో నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది.